ఫిగర్ డ్రాయింగ్‌కి (నిలువెత్తు మనిషిని గీయడానికి) ఏ దారి మంచిది: బీచా, పుస్తకమా, ఫోనా, క్లాసా?

మా పిన్ని కొడుకు ఈ ఏడాదే బీఎఫ్ఏలో, అంటే బొమ్మల డిగ్రీలో చేరాడు. మొహాలు భలే వేస్తాడు, కళ్ళల్లో తడి కూడా కనిపిస్తుంది, కానీ మెడ దాటి కిందకి వచ్చేసరికి మనిషి కాస్తా జగదాంబ జంక్షన్‌లో బట్టల షాపు ముందు నిలబెట్టిన ప్లాస్టిక్ బొమ్మ అయిపోతాడు. రెండు నెలల కిందట ఇంటికొచ్చి అడిగాడు, "అన్నా, నేను రోజూ బీచ్‌కెళ్ళి స్కెచ్‌లు వెయ్యనా, లూమిస్ అనే అమెరికా ఆర్టిస్టు రాసిన డ్రాయింగ్ పుస్తకం మొత్తం కాపీ కొట్టనా, యూట్యూబ్ చూడనా, ఎక్కడైనా క్లాసులో చేరనా? ఒక్కో సీనియర్ ఒక్కోటి చెప్తున్నాడు" అని. సీనియర్లు ఎవరికి ఏది పనిచేసిందో అదే చెప్తారు, అందులో వాళ్ళ తప్పేం లేదు, కానీ నీ బొమ్మలో ఉన్న జబ్బు వేరు వాళ్ళ బొమ్మలో ఉన్న జబ్బు వేరు కదా. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు నీ తప్పేంటో చూసుకో

ఈ మధ్య వేసిన నిలువెత్తు బొమ్మలు ఓ పది తీసి నేల మీద పరిచి, నువ్వు నిలబడి కాస్త దూరం నుంచి చూడు. దగ్గర్నుంచి చూస్తే షేడింగ్ కనిపించి మురిసిపోతాం, దూరం నుంచి చూస్తేనే తప్పు కనిపిస్తుంది. నాకు తెలిసి మొదట్లో వచ్చే తప్పులు నాలుగు రకాలు, వాటికి నేను పెట్టుకున్న పేర్లు ఇవి.

కర్ర: మనిషి బిగుసుకుపోయి ఉంటాడు, వెన్ను నిట్టనిలువుగా, భుజాలు నడుము రెండూ స్కేలు పెట్టి గీసినట్టు సమాంతరంగా ఉంటాయి.

కొలత: తల పెద్దది, కాళ్ళు పొట్టి. సగం మందికి ఇది ఎందుకొస్తుందంటే పైనుంచి మొదలుపెట్టి కిందకొచ్చేసరికి కాగితం అయిపోతుంది, దాంతో కాళ్ళని ఉన్న జాగాలో ఇరికిస్తాం.

కీలు: చేతులు కాళ్ళు నీళ్ళ పైపుల్లా ఉంటాయి, మోచెయ్యి ఎక్కడ వంగుతుందో, భుజం ఛాతీకి ఎక్కడ అతుక్కుంటుందో లెక్క ఉండదు.

బరువు: అన్నీ బానే ఉంటాయి కానీ మనిషి నేల మీద నిలబడినట్టు ఉండదు, గాల్లో వేలాడుతున్నట్టు ఉంటాడు.

వీటిలో ఏది ఎక్కువుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఆ తర్వాత చూసుకోవాల్సినవి ఇంకో మూడున్నాయి. తప్పు జరిగితే చెప్పేవాళ్ళు ఉన్నారా, డబ్బూ తిరుగుడూ ఎంత, అన్నిటికంటే ముఖ్యం మూడు నెలలు ఆపకుండా చెయ్యగలవా. ఎంత గొప్ప పద్ధతైనా రెండు వారాల్లో మానేస్తే దానికంటే రోజూ బామ్మని గీసుకోవడం మేలు.

బయటికెళ్ళి జనాన్ని గీయడం

కర్రకీ బరువుకీ దీన్ని మించిన మందు లేదు, వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి ఈ విషయంలో అదృష్టం ఎక్కువ కూడా. అయితే "బయటికెళ్ళి గీయి" అని చెప్పేవాళ్ళు ఎక్కడికెళ్ళాలో చెప్పరు, చోటుని బట్టి నేర్చుకునేది మారిపోతుంది.

కొత్తవాళ్ళు మొదట వెళ్ళాల్సింది ఆర్కే బీచ్‌కి కాదు, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి. శ్రీకాకుళం బస్సు కోసమో పాడేరు బస్సు కోసమో కూర్చున్నవాళ్ళు పది పదిహేను నిమిషాలు పెద్దగా కదలరు, ఒకాయన సంచి మీద కూర్చుని కునుకు తీస్తుంటాడు, ఒకామె పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఒక మోకాలు పైకి పెట్టుకుని ఉంటుంది, పక్కన ఇంటర్ కుర్రాళ్ళు స్తంభానికి ఆనుకుని ఒక కాలి మీద బరువేసి నిలబడతారు. అదిగో, ఆ ఒక కాలి మీద నిలబడ్డ కుర్రాణ్ణి చూడు. బరువు పడ్డ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందకి దిగుతుంది. దేనికీ ఆనుకోకుండా అలా నిలబడితే మెడ కింద గుంట నుంచి తాపీ మేస్త్రి గుండుదారం వేలాడేసినట్టు ఊహిస్తే అది దాదాపు ఆ బరువు మోసే కాలి మడమ దగ్గరికే వస్తుంది. ఈ ఒక్క సంగతి కళ్ళతో చూసి పట్టుకుంటే గాల్లో వేలాడే బొమ్మలు చాలా వరకు నేల మీదకి దిగుతాయి.

ఆర్కే బీచ్ రెండో మెట్టు. పొద్దున్నే వాకర్ల కోసం రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు కాబట్టి ఒక చోట కూర్చుంటే మనుషులు వరసగా వస్తూనే ఉంటారు, కానీ ఎవరూ ఆగరు, అందుకే అక్కడ చూసి గీయడం కుదరదు, చూసి గుర్తుపెట్టుకుని గీయాలి. మూడు అడుగులు చూడు, కళ్ళు మూసుకో, తల నుంచి నేల మీదున్న కాలి దాకా ఒకే గీత లాగు, చాలు. మొదటి వారం చెత్తగా వస్తాయి. రెండో వారం కూడా చెత్తగానే వస్తాయి, కానీ పొట్టున్న అంకుల్ నడకకీ నేవీ కుర్రాడి నడకకీ తేడా మాత్రం కాగితం మీద కనిపించడం మొదలవుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టం ఫిషింగ్ హార్బర్. అక్కడ పనులు మళ్ళీమళ్ళీ జరుగుతాయి, ఐసు కొట్టేవాడు గంట సేపు ఐసే కొడతాడు, బుట్ట ఎత్తే ఆమె అలాంటి బుట్టలు ఇరవై ఎత్తుతుంది. కాగితం మీద నాలుగైదు బొమ్మలు ఒకేసారి మొదలుపెట్టు, వంగినప్పుడు ఒకటి, లేచినప్పుడు ఒకటి, బుట్ట నెత్తి మీదకి వచ్చినప్పుడు ఒకటి. ఆ భంగిమ మళ్ళీ వచ్చినప్పుడల్లా ఆ బొమ్మకి ఇంకో రెండు గీతలు కలుపు. వల కుట్టేవాళ్ళైతే ఇంకా మంచిది, చేతులు తప్ప ఒళ్ళు కదలదు. పైగా పుస్తకాల్లో చూసే కండరాలు, భుజం వెనక ఎముక జరగడం, ఇవన్నీ బనీను కూడా లేకుండా తాడు లాగే మనిషి వీపు మీద కళ్ళ ముందే కనిపిస్తాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. నేను మొదటిసారి హార్బర్‌కెళ్ళినప్పుడు ఒక పెద్దామె నా దగ్గరికొచ్చి "ఏటి బాబూ రాస్తన్నావు? గవర్మెంటోడివా?" అంది. బొమ్మ చూపించాక "నాను ఇంత లావుగున్నానేటి?" అని తిట్టి, తర్వాత నవ్వి, పక్కకి తిరిగి కూర్చుంది. అడిగి గీస్తే గొడవుండదు, దొంగచాటుగా గీస్తేనే అనుమానం. చిన్నపిల్లల్ని గీసేటప్పుడు మాత్రం తల్లినో తండ్రినో అడగాల్సిందే. ఎండాకాలం పదయ్యేసరికి ఉక్కకి చెమట కారి కాగితం తడిసిపోతుంది, అక్టోబరు నవంబరుల్లో తుఫాను వార్నింగ్ వస్తే వారం పోతుంది. ఇంకా ముఖ్యమైన లోటు ఏంటంటే, కొలతా కీలూ తప్పితే అక్కడ ఎవరూ చెప్పరు, కదిలిపోయాడు కాబట్టి తప్పొచ్చిందిలే అని మనకి మనమే మాఫీ చేసేసుకుంటాం.

సామాను ఎక్కువ మోసుకెళ్ళకండి. పరీక్ష అట్ట, క్లిప్పు, ప్రింటింగ్ ప్రెస్‌లో మిగిలిపోయిన కత్తిరింపు కాగితాలు, ఒక బాల్ పెన్ను. ఖరీదైన స్కెచ్‌బుక్ కొంటే పేజీ పాడవుతుందని చెయ్యి వణుకుతుంది, ఇది నా అనుభవం. రబ్బరు ఇంట్లో పెట్టి వెళ్ళండి.

విగ్రహాలు

బీచ్ రోడ్డు పొడవునా విగ్రహాలున్నాయి, అవి కదలవు, డబ్బులడగవు, లావుగా వేశావని తిట్టవు. కొలత తప్పే వాళ్ళకి మంచి ప్రాక్టీసు, పెన్సిల్ చాచి ఒక కన్ను మూసి తల ఎత్తు కొలుచుకుని మొత్తం ఎన్ని తలలొచ్చిందో చూసుకోవచ్చు. ఒక చిన్న జాగ్రత్త, విగ్రహం ఎత్తు దిమ్మ మీద ఉంటుంది, దగ్గర నిలబడి చూస్తే కాళ్ళు పెద్దగా తల చిన్నగా కనిపిస్తుంది, రోడ్డుకి అవతలికెళ్ళి కొలవండి.

గుడి శిల్పాలు వేరే లెక్క. సింహాచలం గోడల మీద శిల్పాలు గీయండి, గీతలో లయ వస్తుంది, కానీ వాటి కొలతలు మనుషులకి పెట్టకండి. శిల్పశాస్త్రంలో తాళం అంటే మొహం పొడవు, గడ్డం నుంచి జుట్టు మొదలయ్యే చోటు దాకా, దాన్ని 12 అంగుళాలు అంటారు (స్కేలు మీద అంగుళం కాదు, శిల్పి లెక్క). నవతాళం అంటే అలాంటివి 9, మొత్తం 108 అంగుళాలు. డ్రాయింగ్ పుస్తకాల్లో తల అంటే గడ్డం నుంచి నడినెత్తి దాకా. రెండు కొలబద్దలు వేరని తెలియక తొమ్మిది తలల మనిషిని వేసి "ఏంటి ఇంత పొడుగొచ్చాడు" అనుకున్న స్టూడెంట్‌ని నేనే.

పుస్తకాలు

కీలు జబ్బుకి పుస్తకం కావాలి, దాన్ని మించిన దారి లేదు. చర్మం కింద ఏముందో చెప్పకపోతే ఎంత చూసినా కనపడదు. కొత్తవాళ్ళకి అందరూ చెప్పేది లూమిస్, ఆయన ఫిగర్ పుస్తకం 1943లో వచ్చింది, పక్కటెముకల గూడుని గుడ్డులా, నడుముని వేరే ముక్కలా, కీళ్ళని గుండ్రాల్లా పెట్టి మనిషిని కట్టుకుంటూ వెళ్ళడం అందులో సులువుగా అర్థమవుతుంది. బ్రిడ్జ్‌మన్ కూడా గొప్పే, న్యూయార్క్‌లో ఏళ్ళ తరబడి అనాటమీ పాఠాలు చెప్పిన మనిషి, కానీ ఆయన బొమ్మలు చెక్కదుంగలు ఒకదాంట్లో ఒకటి దిగేసినట్టు ఉంటాయి, మొదటి ఏడాదిలో చూస్తే తల తిరుగుతుంది. ఆర్నెల్లు జనాన్ని గీశాక తెరిస్తే అప్పుడు "ఓహో, ఇదా" అనిపిస్తుంది.

లూమిస్‌తో వచ్చే చిక్కు, ఆయన ఆదర్శ పురుషుడు ఎనిమిది తలల ఎత్తు, వెడల్పు భుజాలు, అమెరికా అడ్వర్టైజ్‌మెంటు మనిషి. మామూలు మనిషి ఏడున్నర తలలు ఉంటాడు, మన టీ కొట్టు బాబాయి ఏడే ఉండొచ్చు. ఇంకో చిక్కు చీర. ఆ పుస్తకాల్లో ఒంటి మీద బట్ట ఉండదు, ఉన్నా సూటో గౌనో. హార్బర్‌లో గోచీ పోసి బిగించిన చీర మడతలు నడుము దగ్గర, మోకాలి దగ్గర ఎలా లాగుతాయో ఏ అమెరికా పుస్తకమూ చెప్పదు, అది బయటే చూడాలి.

ఇక చాలామంది చేసే అసలు తప్పు, పుస్తకంలో బొమ్మని గీతకి గీత దించేసి ఇన్‌స్టాలో పెట్టడం. అది దించడం, నేర్చుకోవడం కాదు. ఒక భంగిమ చూసి కట్టు, పుస్తకం మూసెయ్, అదే మనిషిని పక్క నుంచి చూస్తే ఎలా ఉంటాడో వెయ్. రాకపోతే అర్థం కాలేదని లెక్క, మళ్ళీ తెరువు.

ఖర్చు లేకుండా గుర్తుపెట్టుకోగలిగే కొలతలు కొన్ని చెప్పేస్తా. నిలబడ్డ మనిషికి సగం ఎత్తు నడుము దగ్గర రాదు, తొడలు కలిసే చోట వస్తుంది. చేతులు వేలాడేస్తే మణికట్టు దాదాపు అక్కడికే వస్తుంది. మోచెయ్యి నడుము దగ్గర. అరచెయ్యి వేళ్ళతో కలిపి గడ్డం నుంచి జుట్టు మొదలు దాకా. పాదం పొడవు మోచేతి మడత నుంచి మణికట్టు దాకా, ఇది నమ్మకపోతే ఇప్పుడే కింద కూర్చుని చూసుకోండి.

ఫోను, యూట్యూబు, టైమర్ సైట్లు

లైన్ ఆఫ్ యాక్షన్, క్విక్‌పోజెస్ లాంటి సైట్లలో ఫొటోలు 30 సెకన్లకో నిమిషానికో మారిపోతుంటాయి, యూట్యూబ్‌లో ప్రోకో అనే ఛానెల్ వీడియోలు ఇంగ్లీషులోనే అయినా చెయ్యి కదిలే తీరు చూస్తే అర్థమైపోతుంది. రాత్రి పది తర్వాత ఖాళీ దొరికేవాళ్ళకి, ఒంటరిగా బయట కూర్చోలేని వాళ్ళకి ఇది వరం. బట్టల్లేని ఒళ్ళు చూసి గీసే అవకాశం మన ఊళ్ళో ఇంకెక్కడా సులువుగా దొరకదు, ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పి తలుపు తీసి గీసుకుంటే గొడవుండదు.

లోటేంటంటే కెమెరా ఇప్పటికే మనిషిని చదును చేసేసింది. నీడలన్నీ ఒకటే నల్లగా పడతాయి, దేని వెనక ఏముందో రెండు కళ్ళతో చూస్తే తెలిసే లోతు అందులో పోతుంది. మనమే ఫోన్‌తో ఫొటో తీసుకుంటే ఇంకో గొడవ, దగ్గర్నుంచి తీస్తే ముందున్న చెయ్యి గుమ్మడికాయంత వస్తుంది, కాళ్ళు కరిగిపోతాయి. మూడు నాలుగు మీటర్లు వెనక్కెళ్ళి, కొంచెం జూమ్ చేసి, ఫోను ఛాతీ ఎత్తులో పట్టుకుని తీయండి. అన్నట్టు, కబడ్డీ మ్యాచ్ మధ్యలో పాజ్ కొట్టి గీయడం అంత మంచి ప్రాక్టీసు నాకు ఏ సైట్లోనూ దొరకలేదు, చెయ్యి మన మీదకి దూసుకొస్తున్నట్టు ఉండే బొమ్మలు కష్టమనుకునేవాళ్ళు పది రోజులు చేసి చూడండి.

క్లాసు

క్లాసుకి ఒకటే పెద్ద లాభం, తప్పు చెప్పే మనిషి. మిగతా ఏ దారిలోనూ అది పూర్తిగా దొరకదు. కానీ అన్ని క్లాసులూ ఫిగర్ నేర్పవు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక చోట ఎనిమిది నెలలు వెళ్ళా, పేరు అనవసరం, సారు క్యాలెండర్ బొమ్మకి గళ్ళు కొట్టించి అవే దించమనేవారు. షేడింగ్ బ్రహ్మాండంగా వచ్చింది, మనిషిని ఎదురుగా కూర్చోబెడితే పెన్సిల్ ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియలేదు.

అందుకే ఫీజు కట్టే ముందు ఒక రోజు వెళ్ళి కూర్చుని చూడండి. మనిషిని కూర్చోబెట్టి గీయిస్తున్నారా, రెండు నిమిషాల స్కెచ్‌లూ ఉన్నాయా లేక నెలకో బొమ్మేనా, సారు మీ బొమ్మ మీదో పక్కనో తన చేత్తో గీసి చూపిస్తారా, లేక "బావుంది, కానీ ఇంకా ప్రాక్టీస్ చెయ్యి" అని వెళ్ళిపోతారా. ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ ఉంది, అక్కడ చదివే సీనియర్లని పరిచయం చేసుకుని నెలకోసారి మీ బొమ్మల కట్ట చూపించినా క్లాసులో సగం లాభం వచ్చినట్టే.

దొరకకపోతే నలుగురు ఫ్రెండ్స్ చాలు. ఎవరింట్లోనో మేడ మీద కలవండి, ఒకరు పదిహేను నిమిషాలు కూర్చుంటే ముగ్గురు గీయండి, వంతులు మారండి, గంటలో అయిపోతుంది. చివర్లో బొమ్మలు పక్కపక్కన పెడితే ఎవరిది ఎక్కడ తప్పిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకో లాభం, పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చుంటే ఏ కాలు తిమ్మిరెక్కుతుందో, బరువెక్కడ పడుతుందో మన ఒంటికే తెలిసొస్తుంది.

ఇంట్లో వాళ్ళు, అద్దం

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సీరియల్ చూస్తున్న అమ్మ, పేపర్ చదివే నాన్న, నిద్రపోయే తాతయ్య, అద్దంలో మనం, మన ఎడమ చెయ్యి. విసుగొస్తుంది నిజమే, కానీ ఒకే మనిషిని వందసార్లు గీస్తే కొలత కంటికి అంటుకుపోతుంది.

ఒక్క చూపులో కావాలంటే ఇలా:

| దారి | కర్ర | కొలత | కీలు | బరువు | తప్పు చెప్పేవాళ్ళు | ఖర్చు |
|---|---|---|---|---|---|---|
| కాంప్లెక్స్, బీచ్, హార్బర్ | చాలా మంచిది | అంతంతే | కొంత | చాలా మంచిది | లేరు | బస్ ఛార్జీ, టీ |
| విగ్రహాలు | పనికిరాదు | మంచిది | కొంత | కొంత | లేరు | లేదు |
| పుస్తకాలు | జాగ్రత్త, ఇంకా బిగుస్తుంది | మంచిది | చాలా మంచిది | కొంత | లేరు | ఒకసారి కొంటే చాలు |
| టైమర్ సైట్లు, వీడియోలు | మంచిది | మంచిది | మంచిది | అంతంతే | లేరు | డేటా |
| మంచి క్లాసు | సారుని బట్టి | మంచిది | మంచిది | మంచిది | ఉన్నారు | ఎక్కువ |
| నలుగురు ఫ్రెండ్స్ | మంచిది | మంచిది | అంతంతే | మంచిది | సగం | టీ, బజ్జీలు |
| ఇల్లు, అద్దం | అంతంతే | చాలా మంచిది | కొంత | కొంత | అమ్మ ("నేనిలా ఉంటానా?") | లేదు |

ఎవరికి ఏది

బీఎఫ్ఏ ఎంట్రన్స్ దగ్గర పడ్డవాళ్ళు వీధుల వెంట ఎక్కువ తిరగకండి, పరీక్షలో టైముంటుంది కాబట్టి గడియారం పెట్టుకుని కాగితం నిండా బొమ్మ సరిపోయేలా వెయ్యడం ముందు రావాలి. తలతో మొదలుపెట్టకుండా నెత్తికీ పాదాలకీ రెండు గుర్తులు పెట్టుకుని మధ్యలో సగం గుర్తు పెట్టుకోండి. మీకు క్లాసు లేదా సీనియర్ అవసరం, మొహమాటపడకండి.

ఉద్యోగం చేస్తూ నేర్చుకునేవాళ్ళు, గాజువాక నుంచి రోజూ సిటీకి వచ్చివెళ్ళేవాళ్ళైతే మీ క్లాసు బస్సులోనే ఉంది, ఆగిన సిగ్నల్ దగ్గర నిలబడ్డవాళ్ళని చిన్న పాకెట్ నోటులో పెన్నుతో గీయండి, రాత్రి పావుగంట టైమర్, ఆదివారం హార్బర్. పుస్తకం నెలకి ఒక చాప్టరు చాలు.

అమ్మాయిలకి బయట ఒంటరిగా కూర్చుని గీయడం మగపిల్లలంత తేలిక కాదు, తేలికే అని నేను చెప్తే అబద్ధమే అవుతుంది. జనం వెనక నుంచి తొంగిచూస్తారు, కామెంట్లు చేస్తారు. నా క్లాస్‌మేట్ ఒకామె గోడకి వీపు ఆనించి కూర్చునేది, ఇంకో అమ్మాయిని తోడు తీసుకెళ్ళేది, కాంప్లెక్స్ లోపలా రైతుబజార్‌లో కూరల అక్కల పక్కనా గీసేది. ఆ అక్కలే ఎవడైనా తొంగిచూస్తే "నీకేటి పనిరా" అని తరిమేవారు.

యానిమేషన్, గేమ్ ఆర్ట్ వైపు వెళ్ళేవాళ్ళకి ఊహించి గీయడం కావాలి, కాబట్టి పుస్తకం వాటా పెంచండి, కానీ జనాన్ని గీయడం మానేస్తే మీ క్యారెక్టర్లన్నీ ఒకేలా నిలబడతాయి. ఇలస్ట్రేషన్ చేద్దామనుకునేవాళ్ళు వడ్డాది పాపయ్య గారి బొమ్మల్లో చీరకట్టు, నిలబడే తీరు చూడండి, ఆయన మన ఉత్తరాంధ్ర మనిషే, శ్రీకాకుళం. వీలైతే రాజమండ్రి వెళ్ళి చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీలో అసలు బొమ్మలు చూసి రండి, 1925లో ముప్ఫై ఏళ్ళు కూడా నిండకుండా పోయిన మనిషి ఎంత చేశాడో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

మా తమ్ముడి జబ్బు కర్ర, దాని వెనక కాస్త కొలత. వాడికి నేను పుస్తకం మూయించేశా, వారంలో మూడు పొద్దులు కాంప్లెక్స్, రెండు రాత్రులు నిమిషం టైమర్, ఆదివారం ఫ్రెండ్స్‌తో మేడ మీద అని చెప్పా, ప్రతి కాగితం మీదా తేదీ వెయ్యమన్నా. రెండు నెలలయింది, మధ్యలో పది రోజులు ఎగ్గొట్టాడు, తిట్టా. మొన్న పంపిన బొమ్మలో ఒక ముసలాయన మూట మీద కూర్చుని నిద్రపోతున్నాడు, మెడ కాస్త పొడుగైంది, ఎడం చెయ్యి ఎక్కడికెళ్ళిందో తెలీదు, కానీ మూట మాత్రం ఆయన బరువుకి అణిగింది.